పాతాళమను మాట

మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర పడిపోయిన నాడు పత్రికలు ‘ధర పాతాళానికి’ అని శీర్షిక పెట్టును. అనంతపురము జిల్లాలో వేసవి ముదిరి బోరుబావి వట్టిపోయిన నాడు రైతు ‘నీళ్లు పాతాళానికి పోయినాయి’ అనును. శ్రీశైలమునకు పోయిన యాత్రికులు లోయలోనికి మెట్లు దిగి స్నానమాడు కృష్ణకు పాతాళగంగ అని పేరు. మొదటి చోట నష్టము, రెండవ చోట నిరాశ, మూడవ చోట పుణ్యము. మాట మాత్రము ఒక్కటే.

రేడియోలో మాటలే పనిముట్లుగా గల మావంటివారికి ఈ మాట తరచుగా తగులుచుండును. వార్తలలో, వ్యవసాయ కార్యక్రమములలో, పురాణ ప్రసంగములలో, నాటకములలో, ఎక్కడ చూచినను ఇది ఉన్నది. అయితే పాతాళమనగా నేమి యని అడిగినచో మనలో చాలమంది తడుముకొనక ‘నరకము’ అని చెప్పుదురు. ఈ సమాధానము సరియైనది కాదు. సరికాకపోవుట వలన ఒక మంచి మాటకు అన్యాయము జరిగినదని మా అభిప్రాయము. అన్యాయము ఎట్లు జరిగినదో కొంత విచారింతము.

అమరకోశమును చిన్ననాట వల్లించినవారికి మొదటి కాండము జ్ఞాపకముండును. అందులో పాతాళమును చెప్పిన వర్గము వేరు, నరకమును చెప్పిన వర్గము వేరు. పాతాళమునకు అమరసింహుడిచ్చిన పర్యాయపదములలో అధోభువనము, బలిసద్మము, రసాతలము, నాగలోకము అనునవి యున్నవి. అధోభువనమనగా క్రింది లోకము. బలిసద్మమనగా బలిచక్రవర్తి ఇల్లు. నాగలోకమనగా నాగుల నివాసము. ఈ పేర్లలో ఎక్కడను శిక్ష లేదు, నిప్పు లేదు, యముడు లేడు. రౌరవము, కాలసూత్రము, వైతరణి మొదలైనవన్నియు తరువాతి వర్గములో, నరకము క్రిందనే వచ్చును. అయితే ఒక సంగతి ఒప్పుకొనవలెను. పాతాళము చెప్పిన వెంటనే అమరుడు బిలమునకు, చీకటికి, పాములకు పేర్లు చెప్పినాడు. పక్కపక్కన వల్లించిన మాటలు మనసులో ఒకదానికొకటి అంటుకొనుట సహజము. పాతాళమునకు చీకటి రంగు పట్టుటలో బడిపిల్లల వల్లెవేతకును కొంత భాగము ఉండవచ్చును.

ఇక పురాణములను చూతము. విష్ణుపురాణము రెండవ అంశములో ఏడు అధోలోకములు చెప్పబడినవి. ఒక్కొక్కటి పదివేల యోజనములు. వాటి నేలలు ఒక తీరువి కావు. ఒక దానిలో తెల్లనేల, ఒక దానిలో నల్లనేల, మరియొక దానిలో ఎఱ్ఱనేల, ఇంకొక దానిలో పసుపువన్నె నేల; ఒకటి గులకరాళ్లది, ఒకటి రాతినేల, చివరిది బంగారు నేల. చెప్పినవారెవరో గాని నేల తీరు తెలిసిన మనిషివలె చెప్పినారు. అక్కడ పగటివేళ సూర్యుడు వెలుగునిచ్చును, వేడి నీయడు. రాత్రివేళ చంద్రుడు వెన్నెల నిచ్చును, చలి పుట్టింపడు. నారదుడు ఆ లోకములు తిరిగి స్వర్గమునకు వచ్చి దేవతల సభలోనే, పాతాళము స్వర్గము కంటె రమ్యముగా నున్నదని చెప్పినాడట. నారదుడు ఎక్కడ ఏ మాట చెప్పవలెనో తెలిసినవాడు గదా! ఇంద్రుని ముఖము అప్పుడెట్లుండెనో పురాణము చెప్పలేదు.

భాగవతము పంచమస్కంధము ఇంకొక అడుగు ముందుకు వేసినది. అతలము, వితలము, సుతలము, తలాతలము, మహాతలము, రసాతలము, పాతాళము అని ఏడు లోకములను చెప్పి, వాటినన్నింటిని కలిపి ‘బిలస్వర్గములు’ అన్నది. బిలములోని స్వర్గములన్నమాట. తెలుగు భాగవతములో ఈ భాగము పోతన చేతిది కాదు. పంచమస్కంధమును తెనిగించినవాడు గంగన. ఈ వర్ణన ననుసరించి అక్కడ సూర్యుడు లేడు. నాగుల పడగలమీది మణులే వెలుగు. పగలు రాత్రి అను భేదము లేదు గనుక కాలభయము లేదు. ముసలితనము, అలసట, చెమట వారికి తెలియవు. వారికున్న భయమొక్కటే, సుదర్శనచక్రము. విష్ణుపురాణములో సూర్యుడున్నాడు, భాగవతములో లేడు. ఈ రెంటికి పొత్తు కుదరదు. కుదర్చవలసిన పని కూడ మనకు లేదు. చీకటి లేదను విషయములో మాత్రము రెండును ఏకీభవించినవి. ఇదే స్కంధములో నరకముల వర్ణన మరియొక అధ్యాయమున వేరుగా నున్నది. పాపము చేసి చచ్చినవాడు పోవునది అక్కడికి. పాతాళమునకు చచ్చినవారు పోరు; పాతాళమున బ్రతికియున్నవారు కాపురముందురు. భేదమంతయు ఇక్కడ నున్నది.

ఆ కాపురమున్నవారు ఎవరు? వితలములో హాటకేశ్వరుడను పేర శివుడున్నాడు. బంగారమునకు హాటకమను పేరు ఆ వితలములోని హాటకీనదితో ముడిపడినదని భాగవతము చెప్పును. తలాతలములో మయుడు, అసురుల శిల్పి. మహాతలములో కద్రువ సంతతియైన నాగులు. అన్నిటికి అడుగున పాతాళములో వాసుకి మొదలైన నాగప్రభువులు. సుతలములో బలి.

బలిని గూర్చి రెండు మాటలు ఎక్కువ చెప్పవలసియున్నది. వామనుడు బలిని పాతాళమునకు త్రొక్కినాడని మనమందరము అందుము. ‘వాడిని పాతాళానికి తొక్కేశారు’ అను నుడికారము ఈ కథను తలపింపక మానదు. కాని భాగవతము ప్రకారము బలి పోయినది పాతాళమునకు కాదు, సుతలమునకు. పోయినది శిక్షకును కాదు. తాతయైన ప్రహ్లాదునితో కూడ సగౌరవముగా పోయినాడు. విష్ణువు స్వయముగా అతని వాకిట కావలి నిలిచినాడు. ద్వారపాలకుడుగా విష్ణువు దొరికిన ఇల్లు స్వర్గములో ఇంద్రునికి కూడ లేదు. మన పంచాంగములలో కార్తికశుద్ధ పాడ్యమిని నేటికిని బలిపాడ్యమి యని వ్రాయుదురు. కేరళములో ఓణము పండుగనాడు మహాబలి క్రింది లోకమునుండి తన ప్రజలను చూచిపోవుటకు వచ్చునని నమ్ముదురు. ఇల్లిల్లు అలికి పూలముగ్గులు వేసి ఆయనను ఆహ్వానింతురు. నరకమునుండి వచ్చువానికి ఎవరు పూలముగ్గు వేయుదురు?

కథలలో పాతాళమునకు పోయినవారి సంగతి చూచినచో మరియొక విశేషము తోచును. పోయినవారు ఊరక తిరిగి రాలేదు. నన్నయ భారతములో ఉదంకుడు తక్షకుడు తస్కరించిన కుండలముల వెంట నాగలోకమునకు దిగినాడు. తెల్లని నల్లని దారములతో వస్త్రము నేయుచున్న ఇద్దరు స్త్రీలను చూచినాడు. అవి పగలు, రాత్రి యని తెలిసికొన్నాడు. కుండలములతో తిరిగి వచ్చినాడు. భారతములోనే దుర్యోధనుడు విషము పెట్టి గంగలో త్రోయించిన భీముడు నాగలోకమున పడి, అక్కడ రసము త్రాగి, వేల యేనుగుల బలముతో తేలినాడు. ముంచినవాడు బలపరచినవాడైనాడు. అర్జునుడు ఉలూచి వెంట నాగలోకమునకు పోయి పెండ్లికొడుకైనాడు. చేమకూర వెంకటకవి విజయవిలాసము చదివినవారికి ఆ ఘట్టము చెప్పనక్కరలేదు. వాల్మీకములో లేకున్నను తోలుబొమ్మలాటల మూలమున ఊరూర తెలిసిన మైరావణుని కథలో ఆంజనేయుడు తామరతూడులో దూరి పాతాళలంకకు దిగినాడు. వాకిట కావలియున్న మత్స్యవల్లభుడు తన కొడుకే యని తెలిసికొన్నాడు. రామలక్ష్మణులను విడిపించుకొని వచ్చినాడు. 1951వ సంవత్సరములో విజయా సంస్థవారు కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున తీసిన ‘పాతాళభైరవి’లో తోటరాముడును ఇంతే. బలి యగుటకు తీసికొనిపోబడినవాడు భైరవి ప్రతిమను చేత పట్టుకొని బయటికి వచ్చినాడు. పోయి, పొంది, తిరిగి వచ్చుట: తెలుగువాని మనసులో పాతాళమునకు పోవు త్రోవ రెండు వైపులా నడచునదే.

ఇది కథల మాట. ఇంటి మాటయు ఇట్లే యున్నది. నూతిలో చేంతాడు తెగి బొక్కెన పడిపోయినచో దానిని తీయుటకు ఒక సాధనముండెడిది. ఇనుపకట్టుకు చుట్టును వంకర కొక్కెములు తగిలించి, త్రాటితో లోనికి వదలి, అటునిటు కదలించుచు పోయినచో ఏదో ఒక కొక్కెము బొక్కెన పిడిని పట్టుకొనును. దానికి పాతాళభేది యని పేరు. వీధి మొత్తమునకు ఒకరి ఇంట ఉండెడిది. తక్కినవారు అరువు తెచ్చుకొనెడివారు. తమిళులు, కన్నడిగులు కూడ ఈ సాధనము పేరులో పాతాళమును చేర్చినారు. కొళాయిలు, మోటార్లు వచ్చిన తరువాత ఈ పనిముట్టు కనబడుట అరుదైనది. పేరెరిగిన పిల్లలు తక్కువ. నూతి అడుగునకు పాతాళమని పేరు పెట్టిన ఇల్లాలు దానిని చూచి భయపడలేదు. అది తన బొక్కెన ఉన్న చోటు.

వైద్యుల వద్ద పాతాళయంత్రమున్నది. నల్లజీడి గింజలవంటి వాటినుండి తైలము తీయుటకు దీనిని వాడుదురు. క్రింది పాత్రను గోతిలో పాతి, చిల్లులుగల పై పాత్రలో ద్రవ్యముంచి, దానిచుట్టు పిడకలతో నిప్పు పెట్టుదురు. తైలము క్రిందికి దిగి గోతిలోని పాత్రలో చేరును. దూసరితీగకు సంస్కృతములో పాతాళగరుడి యని పేరు. శ్రీకాళహస్తిలో ఇఱుకు మెట్లు దిగి దర్శింపవలసిన వినాయకుడు పాతాళ వినాయకుడు. అరుణాచలములో రమణమహర్షి 1896లో బాలుడుగా వచ్చి లోకమును మరచి కూర్చున్నది పాతాళలింగము గుహలో.

జ్యోతిష్కుల వాడుక అన్నిటికంటె చిత్రమైనది. జాతకచక్రములో లగ్నము తూర్పు దిక్చక్రమైనచో నాలుగవ స్థానము మన కాళ్ల క్రింద, ఆకాశమున కడుగున ఉండును. అందుచేత దానికి పాతాళమని పేరు. ఆ నాలుగవ స్థానమునకే సుఖస్థానము, గృహస్థానము, మాతృస్థానము, బంధుస్థానము అనియు పేర్లున్నవి. అమ్మ, ఇల్లు, సుఖము, బంధువులు, అందరును పాతాళముననే యున్నారు! జాతకములలో నమ్మకము లేనివారును ఈ నామకరణమును మెచ్చుకొనవచ్చును.

మరి ఇంత మంచి మాటకు చెడ్డపేరు ఎట్లు వచ్చినది?

కొంత దోషము వ్యుత్పత్తిలోనే యున్నది. వైయాకరణులు పాతాళ శబ్దమును ‘పత్’ ధాతువునుండి, అనగా పడుట అను అర్థమునుండి సాధించినారు. పడుచోటు పాతాళము. పడుట అన్నంతనే మనకు పతనము, పాతకము, పతితుడు అను మాటలు వరుసగా తోచును. నిజమునకు నూతిలో రాయి పడును, కొండమీద వాన పడును, పొలములో విత్తనము పడును. పడుటలో పాపమేమియు లేదు. కాని మాటలకు చుట్టరికముల వలన మంచియు చెడుయు అబ్బుచుండును.

కొంత భాగము అనువాదములది. హీబ్రూ గ్రంథములో షియోల్ అను మాట యున్నది, గ్రీకులో హేడిస్. రెండును మృతులుండు చోటునకు పేర్లు. గెహెన్నా అను వేరొక మాట పాపులు కాలు అగ్నిస్థానమునకు పేరు. తెలుగు బైబిలు చేసినవారు షియోల్, హేడిస్ అను మాటలకు పాతాళమనియు, గెహెన్నాకు నరకమనియు వ్రాసినారు. రెంటిని కలిపివేయక వేరుపరచిన వారి జాగ్రత్త మెచ్చదగినది. ఇంగ్లీషులో పాత బైబిలు ఈ మాటలను పలుచోట్ల ఒకే మాటతో సరిపెట్టినదని తలచుకొన్నచో, మనవారి పని ఇంకను గొప్పగా కనబడును. అయినను దీనివలన తెలుగు మాటకు పూర్వములేని అర్థమొకటి చేరినది. చచ్చినవారు చేరు చోటు అను అర్థము పురాణముల పాతాళమునకు లేదు. తరతరములుగా ఆ గ్రంథమును చదువుచున్న ఇండ్లలో ఆ అర్థమే మొదట తోచుట న్యాయము. ఇప్పుడు ఒకే మాటకు రెండు వంశములున్నవి. ఏ ఇంట ఏ అర్థమున వాడుచున్నారో తెలిసి వినవలెను. ఒకటి తప్పని రెండవవారితో పోట్లాడవలసిన పని లేదు.

పాతాళమనగా అమెరికా యని కూడ కొందరన్నారు. దయానంద సరస్వతి సత్యార్థప్రకాశములో ఉలూచిని ఆ దేశపు రాకుమార్తెగా చెప్పినారు. భూగోళమునకు అవతలి వైపు మన పాదముల క్రింద అమెరికా యున్నదను ఊహ దానికి మూలము. మాకు ఈ అర్థము రుచింపదు. నాగుల మణులు పోయి ఆకాశహర్మ్యముల దీపములు వచ్చినంతమాత్రమున పురాణమునకు గౌరవము హెచ్చదు. దొంగరవాణాలు, హత్యలు చేయించు ముఠాల లోకమును ఇంగ్లీషులో అండర్‌వరల్డ్ అందురు. దానిని పాతాళలోకమని తెనిగించుటయు మాకు సమ్మతము కాదు. నేరప్రపంచము, చీకటి సామ్రాజ్యము అని పత్రికలు వ్రాయుచున్నవి. ఆ మాటలు చాలును. బలిచక్రవర్తి ఇంటిపేరును ముఠానాయకునికి పెట్టనేల?

ఇక నీటి మాట మిగిలినది. ఈ ప్రసంగములో దీనికొఱకే మేము ఇంత దూరము వచ్చినాము.

గంగకు త్రిపథగ యని పేరు. ఆకాశమున మందాకిని, భూమిమీద భాగీరథి, పాతాళమున భోగవతి. సగరపుత్రులు గుఱ్ఱమును వెదకుచు భూమిని త్రవ్వి పాతాళము చేరి అక్కడ బూడిదయైనారు. ఆ బూడిదను తడుపుటకు భగీరథుడు గంగను అంత లోతునకు తీసికొనిపోయినాడు. కావున పాతాళమున నీరున్నదనుట మన పూర్వుల ఊహలో గాఢముగా నాటుకొన్నది. నూయి త్రవ్వి జల పడినచో పాతాళగంగ పైకి వచ్చినదని సంతోషించుట ఈ ఊహనుండియే పుట్టినది. చక్కని మాట. కాని ఇక్కడ ఒక ప్రమాదమున్నది.

రాయలసీమలోను, తెలంగాణములోను చాలభాగము నేల క్రింద ఉన్నది గ్రానైటువంటి గట్టి రాయి. నీరుండునది పైన మెత్తబడిన పొరలో, దాని క్రింద రాతి పగుళ్లలో. లోతునకు పోయినకొద్ది పగుళ్లు సాధారణముగా తగ్గిపోవును. అడుగున ఎక్కడనో భోగవతి పారుచుండలేదు. ఉన్న నీరంతయు ఒకనాటి వాననీరే. వాన ఇంకిన దానికంటె ఎక్కువ తోడినచో మట్టము దిగిపోవును. ‘నీళ్లు పాతాళానికి పోయాయి’ అన్నప్పుడు నీరు తానే ఎక్కడికో లేచిపోయినట్లు వినబడును. నీరు పోలేదు, మనము తోడినాము. ఇంకను లోతునకు పోయినచో గంగ దొరకుననిపించును. ఎండిన బోరు పక్కన ఇంకొక బోరు, అదియు ఎండినచో మరియొకటి. అప్పుచేసి వేయించిన బోర్లు వట్టిపోయి కుటుంబములు కూలిన ఊళ్లు ఎవరికి తెలియవు? మాటను నమ్మి ఎవరును బోరు వేయింపరు, ఎండుచున్న పంట వేయించును. అయినను మాట ఇచ్చు ఆశ కూడ అందులో లేకపోలేదు. గట్టిరాతి లోతులనుండి వచ్చు నీటిలో కొన్నిచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలు వంగిపోయిన రోగులను గూర్చి వైద్యులు ప్రకటించినారు. నల్లగొండ బాధ తరువాత లోకమెరిగినది. ఈ పాతాళమున మణులే కాదు, విషమును ఉన్నది. నాగలోకమని పేరు పెట్టినవారు ఆ సంగతియు చెప్పకనే చెప్పినట్లైనది.

అందుచేత వ్యవసాయ కార్యక్రమములలో మాట్లాడు మిత్రులకు మేము చెప్పునది ఇది. ధర పాతాళమునకు పడినదందురా, అనుడు. అది నుడికారము, ఎవరును మోసపోరు. నీటి విషయములో మాత్రము ‘పాతాళానికి పోయినవి’ అని ఊరకొనక, మీటర్ల లెక్క చెప్పుడు. భూగర్భజల శాఖవారు పిజోమీటరు అను గొట్టపుబావులు వేసి మట్టము కొలుచుచున్నారు. వానలకు ముందు మే నెలలో కొలిచినది, వానలు వెలిసిన తరువాత నవంబరులో కొలిచినది పక్కపక్కన పెట్టి చదివినచో, ఏ మండలములో నీరు ఎంత దిగినదో, ఎంత ఎక్కినదో శ్రోతకు తెలియును. మంచి వానలు పడి, చెఱువులు నిండి, నవంబరు లెక్కలో మట్టము పైకి వచ్చిన సంవత్సరములలో పత్రికలవారు ‘పైకి వచ్చిన పాతాళగంగ’ అని శీర్షిక పెట్టుదురు. ఆ ప్రయోగమునకు మాకు అభ్యంతరము లేదు.